కిన్నెర మెట్టు, వీణ మేళం: తెలుగునేలపై తంత్రీవాద్యాల తయారీదారులు

వ్యాససంగ్రహం

తెలుగువారి సంగీతచరిత్రలో వాగ్గేయకారులకు, విద్వాంసులకు లభించిన స్థానం వాద్యాలను తయారుచేసినవారికి లభించలేదు. మంజీర పరిసరాలతో పూర్వసంబంధమున్న కిన్నెరను, బొబ్బిలి వీణను, పాశ్చాత్యదేశాల చేతిపని గిటారును తయారీ కోణం నుండి పోల్చి చూడడం ఈ వ్యాసం లక్ష్యం. ఒక వాద్యం నిలవడానికి దాని సంగీతం ఒక్కటే కారణం కాదనీ, దాన్ని చేసి, అమ్మి, బాగుచేసి ఇచ్చే పనిశాలకు సమాజంలో ఉన్న చోటు కూడా అంతే ముఖ్యమైన కారణమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కిన్నెర, బొబ్బిలి వీణ, గిటారు, మెట్లు, మేళం, డక్కలి, పనిశాల, నారాయణఖేడ్.

ఉపోద్ఘాతం

నారాయణఖేడ్ నేడు తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో ఉంది. 1956కు ముందు అది హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాకు చెందిన తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో బీదరు కన్నడసీమకు, నారాయణఖేడ్ తెలుగుసీమకు చేరాయి. అందువల్ల ఈ ప్రాంతపు సాంస్కృతికచరిత్రను నేటి సరిహద్దులకు లోబడి రాయడం సాధ్యం కాదు. తెలుగు, కన్నడ, మరాఠీ భాషలు కలిసే ఈ మంజీర వంపునకు ఒకవైపు బసవేశ్వరుని కల్యాణం, ఆపైన శార్ఙ్గదేవుని దేవగిరి ఉన్నాయి. మెట్లున్న తంత్రీవాద్యాల చరిత్రకు ఈ రెండు స్థలాలూ ముఖ్యమైనవే.

నేడు ఏ చిన్న పట్టణంలోనైనా తీగల వాద్యం నేర్చుకోవాలనే యువకుడికి ముందుగా స్ఫురించేది గిటారు. అది దుకాణంలో దొరుకుతుంది, తీగ తెగితే కొత్త తీగ దొరుకుతుంది, నేర్పేవారు దొరుకుతారు. అదే యువకుడు కిన్నెర కావాలంటే ఎక్కడికి వెళ్లాలి? ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే వాయించే చేతులను కాసేపు పక్కనపెట్టి, చేసే చేతుల చరిత్రను చూడాలి.

1. కల్యాణం, దేవగిరి: కిన్నెర ప్రాచీనత

పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో రచించిన బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. కల్యాణంలో త్రిపురాంతకదేవుని సన్నిధిలో కిన్నెర వాయించి, దానివల్ల లభించిన ధనంతో జంగమార్చన చేసిన భక్తుడు ఆయన. ఉల్లిగడ్డను బసవన్న తక్కువచేసి మాట్లాడినందుకు ఆయన అలిగిన ఘట్టం పాఠకులకు సుపరిచితమే. వాద్యం పేరే ఒక భక్తునికి పేరుగా మారడం ఇక్కడ గమనించదగింది. అదే కవి పండితారాధ్యచరిత్రలో అనేక వీణాభేదాలను పేర్కొన్నాడు. అంటే తంత్రీవాద్యాల వైవిధ్యం నాటి తెలుగు శ్రోతకు కొత్త కాదు.

అదే శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రచించాడు. అందులో కిన్నరీవీణ లక్షణాలు వివరంగా ఉన్నాయి. దండానికి సొరబుర్రలు కట్టడం, ఎముకతోగాని లోహంతోగాని చేసిన మెట్లను మైనం కలిసిన ముద్దతో దండంపై నిలపడం అందులోని ముఖ్యాంశాలు. ఇది శాస్త్రగ్రంథమే అయినా, ఈ భాగం చదివితే పనివాని పక్కన కూర్చుని రాసినట్లుంటుంది. మెట్టు దేనితో చేయాలి, దేనితో అతకాలి అనే జ్ఞానం పండితునికి పనివాని ద్వారానే అందివుండాలి. అయినా ఆ పనివాడు చరిత్రలో అనామకుడిగానే మిగిలాడు.

తెలంగాణలో నేడు మిగిలిన కిన్నెర ఈ లక్షణాలను చాలావరకు నిలుపుకొంది. వెదురు దండం, ఎండిన సొరబుర్రలు, తేనెమైనంతో అతికిన మెట్లు, లోహపు తీగలు దాని ప్రధానాంగాలు. నెమలి ఈకలు, అద్దపు ముక్కలు అలంకారాలు. మెట్ల సంఖ్యను బట్టి దానికి పన్నెండు మెట్ల కిన్నెర అనే పేరు వచ్చింది. మాదిగలను ఆశ్రయించి జీవించిన డక్కలివారు జాంబపురాణ కథనంలో ఈ వాద్యాన్ని తరతరాలుగా వాడుతూ వచ్చారు. కిన్నెరను వాయించేవారే చేసుకోవడం ఆచారం. అందువల్ల దాని తయారీ ప్రత్యేకమైన వృత్తిగా రూపుదిద్దుకోలేదు. కథ, గానం, వాద్యం, వడ్రంగం నాలుగూ ఒకే కుటుంబంలో ఇమిడివున్నాయి.

2. తంజావూరు నుండి బొబ్బిలికి: వీణ పనిశాల

వీణ చరిత్ర మరొక దారిలో నడిచింది. 17వ శతాబ్ది పూర్వార్ధంలో తంజావూరును పాలించిన రఘునాథనాయకుడు తెలుగుకవి, సంగీతజ్ఞుడు. వీణపై 24 మెట్లను స్థిరంగా అమర్చిన రూపం ఆయన కాలంలో ఏర్పడిందని సంగీతచరిత్రకారులు చెబుతారు. అందుకే దానికి రఘునాథమేళవీణ అనే వ్యవహారం ఉంది. ఒక స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు. రాగానికో విధంగా మెట్లు జరపవలసిన అవసరం దీనితో తప్పింది. ఒక నమూనా స్థిరపడితేనే దాన్ని పదేపదే చేసే పనిశాలకు వీలు కలుగుతుంది.

బొబ్బిలి అనగానే 1757 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తుకు వస్తారు. ఆ సంస్థానం ఆదరణలోనే మరొక చరిత్ర కూడా పెరిగింది. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరుగల కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. ఒకే పనసమాను నుండి కుండను, దండిని కలిపి తొలిచే ఏకాండి వీణ వారి ప్రత్యేకత. తంజావూరులో భాగాలను విడివిడిగా చేసి అతికే పద్ధతి కూడా విరివిగా ఉంది. ఏకాండి పద్ధతిలో మాను ఎంపికే సగం పని. పగులు, పుచ్చు లేని మాను దొరకాలి, అది బాగా ఆరాలి. తొలిచేటప్పుడు గోడ మందం తప్పితే అతుకు వేసి దిద్దుకునే అవకాశం ఉండదు.

1948లో మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చిన తరువాత జమీందారీ పోషణ ముగిసింది. అయినా పనిశాలలు ఒక్కసారిగా మూతపడలేదు. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడుగా ఆరంభమైన సంగీత కళాశాల వంటి విద్యాసంస్థలు వీణను పాఠ్యాంశంగా నిలిపాయి. నేర్చుకునేవారున్న చోట కొనేవారు ఉంటారు. తరువాతి కాలంలో హస్తకళల విక్రయశాలలు, సత్కారసభల్లో జ్ఞాపికలుగా ఇచ్చే చిన్న వీణలు పనివారికి మరొక ఆదాయమార్గం చూపాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మోగని జ్ఞాపిక వీణపై విమర్శ ఉండవచ్చు. కానీ ఆ జ్ఞాపికల మీద వచ్చే రాబడి చేతిపనిని పొయ్యి ఆరకుండా కాపాడిన సంగతిని చరిత్ర విస్మరించరాదు.

3. మైనపు మెట్టు, లోహపు మెట్టు

గిటారు మెట్టుకు, వీణ మెట్టుకు ఉన్న తేడా తయారీదారుకు, వాదకునికి మధ్య ఉన్న సంబంధాన్ని తెలుపుతుంది. గిటారులో మెట్ల స్థానాలు లెక్కతో తేలుతాయి. తీగ పొడవును సుమారు 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. 650 మిల్లీమీటర్ల తీగకు అది దాదాపు 36.5 మిల్లీమీటర్లు. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండవది. ఈ లెక్క ప్రకారం రంపంతో గాడులు కోసి లోహపు మెట్లను బిగిస్తారు. ఆపై అవి కదలవు. ఈ లెక్క తెలిసిన ఎవరైనా, ఏ దేశంలోనైనా ఆ దూరాలను గీయగలరు.

వీణలో కంచు లేదా ఇత్తడి మెట్లు మైనపు దిమ్మలపై నిలుస్తాయి. తీగను మీటుతూ, చెవితో వింటూ, మెట్టును వెంట్రుకవాసి జరుపుతూ స్వరస్థానం నిర్ణయించాలి. దీన్నే మేళం కట్టడం అంటారు. మైనం కాలక్రమంలో ఎండుతుంది, వేడికి మెత్తబడుతుంది, మెట్టు అరుగుతుంది. కనుక వీణ మళ్లీ మళ్లీ మేళగాని చేతికి రావలసిందే. పైకి లోపంగా కనిపించే ఈ గుణమే వాదకుని పనిశాలకు కట్టివేసింది. వీణ అమ్మకంతో పనివాని బంధం తెగిపోదు. కిన్నెరలో కూడా మెట్టు మైనంపైనే నిలుస్తుంది. అయితే అక్కడ మేళం కట్టేవాడూ వాయించేవాడూ ఒక్కరే. ఆ ఒక్కరి తరువాత ఆ చెవి, ఆ కొలత ఎవరికీ అందకుండా పోయే ప్రమాదం ఉంది.

4. పనివాని పేరు: గిటారు చరిత్ర నుండి ఒక పాఠం

నేటి శాస్త్రీయ గిటారుకు రూపమిచ్చినవాడిగా స్పెయిన్ దేశస్థుడు అంతోనియో దె తొర్రెస్ (1817–1892) ప్రసిద్ధుడు. ఆయన తన గిటార్ల లోపల పేరు, సంవత్సరం గల చీటీలు అతికించాడు. అందువల్ల ఆయన ఏ దశలో ఏ మార్పు చేశాడో నేడు అధ్యయనం చేయగలుగుతున్నారు. జర్మనీకి చెందిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ కథ మనకు మరింత సన్నిహితంగా తోస్తుంది. ఆయన స్వగ్రామం మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో గిటారు చేసే హక్కు ఎవరిదనే విషయమై వయొలిన్ పనివారి సంఘానికి, వడ్రంగులకు తగాదా నడిచింది. మార్టిన్ కుటుంబం వడ్రంగుల పక్షం. ఆయన 1833లో అమెరికాకు వలసవెళ్లి న్యూయార్కులో చిన్న దుకాణం తెరిచాడు. ఆ సంస్థ నేటికీ ఆ కుటుంబం పేరుతోనే ఉంది.

వృత్తిహక్కుల కట్టుబాటు అక్కడా ఉండేది. కానీ దాన్ని దాటి వేరొక ఊరిలో తన పేరుతో దుకాణం పెట్టే వెసులుబాటు మార్టిన్‌కు లభించింది. కిన్నెర కళాకారుని బతుకు ఆశ్రయమిచ్చిన కులం ఇచ్చే దానంతో ముడిపడింది. ఆ వాద్యం అమ్మకపు సరుకు కాలేదు, దానికి ధర ఏర్పడలేదు. ధర లేని నైపుణ్యాన్ని సమాజం నైపుణ్యంగా లెక్కించలేదు. వీణ పనివానికి ధర దక్కింది గాని, కచేరీ వేదికపై వీణకు విద్వాంసుని పేరే తప్ప చేసినవాని పేరు దక్కలేదు.

5. అలుగు పెంకు, రోజ్‌వుడ్

పాత కిన్నెరల మెట్లకు అలుగు అనే జంతువు పెంకులు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలుగు అత్యున్నత రక్షణ గల జంతువు. ఆ రక్షణ అవసరమైనదే, దాన్ని సడలించమనడం సరికాదు. అయితే ఇలాంటి పరిస్థితి గిటారుకు కూడా వచ్చింది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌పై 1992లో అంతర్జాతీయ వాణిజ్య నిషేధం వచ్చింది. 2017లో ఆ జాతి వృక్షాలన్నీ నియంత్రణలోకి వచ్చాయి. తయారీదారులు, వాదకులు సంఘటితంగా వాదించిన మీదట 2019లో పూర్తయిన వాద్యాలకు మినహాయింపు లభించింది. ఈలోగా పనిశాలలు ఇతర కలపలతో ప్రయోగాలు సాగించాయి.

కిన్నెరకు ప్రత్యామ్నాయ మెట్టు ఏది? కొమ్మా, ఇత్తడా, వెదురా? ఒక్కొక్కదానితో నాదం ఎలా మారుతుంది? దీన్ని పరీక్షించి చెప్పగల పనిశాల లేకపోవడమే అసలు లోటు.

ముగింపు

పాలమూరు ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. అంతకు ముందటి ఏడాది విడుదలైన ఒక సినిమా పాటతో ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. ఈ గౌరవం న్యాయమైనదే. కానీ పురస్కారం వాదకుని గుర్తిస్తుందే గాని, మరో పది కిన్నెరలను పుట్టించదు. బొబ్బిలిలో రాజులు పోయినా వీణ మిగిలింది, ఎందుకంటే అక్కడ పనిశాల మిగిలింది.

కనుక జరగవలసినవి మూడు. మిగిలివున్న ప్రతి కిన్నెర కొలతలను, పదార్థాలను, మెట్ల దూరాలను నమోదు చేయాలి. సంగీత కళాశాలల్లో వాదనంతోపాటు తయారీని కూడా, ఆ కుటుంబాలవారినే గురువులుగా నియమించి నేర్పాలి. చేసిన ప్రతి వాద్యం లోపల చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం రాయాలి. కిన్నర బ్రహ్మయ్య పేరు ఏడు శతాబ్దాలకు పైగా నిలిచింది. ఆయన చేతిలోని కిన్నెర ఎవరు చేశారో అడిగే అలవాటు మనకు ఇప్పటికైనా రావాలి.