దాత తొలగినా నిలిచిన సేవ

దానధర్మాలు రెండు విధాలు. ఒకటి దాత చేయి చాచినంత కాలమే సాగుతుంది. రెండవది దాత చేతినుండి విడివడి, అతని ప్రమేయం లేకుండానే ప్రజలకు ఉపకరిస్తుంది. ఈ రెండవదానికే ఇస్లాం ధర్మశాస్త్రం వక్ఫ్ రూపంలో కట్టుదిట్టమైన నియమాలు ఏర్పరచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ఆరంభమైన 108 అంబులెన్సు సేవ వక్ఫ్ కాదు. అయినప్పటికీ ఆ నియమాల విలువ ఎట్టిదో దాని చరిత్ర చెబుతుంది.

సత్యం కంప్యూటర్స్ అధిపతి బి. రామలింగరాజు కుటుంబం ధనం సమకూర్చగా, ఇ.ఎం.ఆర్.ఐ. అనే లాభాపేక్షలేని సంస్థ హైదరాబాదులో వెలసింది. 2005 ఆగస్టు 15న సేవ మొదలైంది. పద్ధతి సులభమైనది. ఆపదలో ఉన్నవారు 108కి ఫోను చేస్తారు. కేంద్రంలోని ఉద్యోగి వివరాలను కంప్యూటరులో నమోదుచేసి, సమీపంలోని వాహనానికి కబురు పంపుతాడు. వాహనంలో శిక్షణ పొందిన సిబ్బంది దారిలోనే ప్రథమ చికిత్స చేస్తారు. రోగి పైసా చెల్లించనక్కరలేదు.

అయితే రాష్ట్రంలోని ప్రతి పల్లెకూ వాహనం పంపడం ఒక కుటుంబం ధనంతో సాధ్యమయ్యే పని కాదు. దాత చేయగలిగింది పద్ధతిని నెలకొల్పి, అది పనిచేస్తుందని నిరూపించడమే. ఆ తర్వాత ప్రభుత్వం ఒప్పందం చేసుకొని, నిర్వహణ వ్యయంలో అధికభాగం ఖజానానుండి భరించింది. 2007లో గుజరాత్ కూడా ఇదే సేవను స్వీకరించింది.

2009 జనవరి 7న రామలింగరాజు తమ కంపెనీ లెక్కలను పెంచి చూపినట్లు లేఖద్వారా అంగీకరించి రాజీనామా చేశారు. ప్రధాన దాత తొలగిపోయాడు. కాని సేవ ఆగలేదు. అదే సంవత్సరం జి.వి.కె. సంస్థ నిర్వహణ బాధ్యత స్వీకరించింది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో నిర్వాహకులు మారారు, నంబరు మారలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి నూజివీడు ఏలూరు జిల్లాలోనూ, విస్సన్నపేట ఎన్.టి.ఆర్. జిల్లాలోనూ చేరాయి. అయినా తోటలో మామిడి చెట్టుపైనుండి పడిన కూలీకోసం ఇరువైపులా పిలిచేది 108నే.

హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లోని తమ భూమిని ధర్మానికి అంకితం చేసినప్పుడు, దానిని అమ్మరాదు, బహూకరించరాదు, వారసత్వంగా పంచరాదని, ఫలసాయం మాత్రం పేదలకు, బాటసారులకు చెందాలని నిర్ణయించారు. కైరోలో 1284లో సుల్తాన్ ఖలావూన్ నిర్మించిన వైద్యశాల ఇట్టి వక్ఫ్ ఆస్తుల ఆదాయంతోనే దాత మరణానంతరం శతాబ్దాలు సాగింది. 108కి అలాంటి మూలధనం లేదు. దాన్ని నిలిపింది ప్రభుత్వ బడ్జెట్, ప్రజలకు ఏర్పడిన అలవాటు. బడ్జెట్ ఏటా మారుతుంది, కాంట్రాక్టుకు గడువు ఉంటుంది. వక్ఫ్ మూలధనానికి గడువు లేదు.

అధర్మార్జన నుండి ఇచ్చిన దానం అల్లాహ్ వద్ద ఆమోదం పొందదని హదీసులు తెలుపుతున్నాయి. దాత సంపాదన లెక్క దాతదే. వాహనమెక్కిన రోగికి అందులో దోషం లేదు. కాని ధర్మసంస్థ తన లెక్కలను ప్రజల ముందు ఉంచకపోతే, దాతపై పడిన మచ్చ సేవపైనా పడుతుంది.

ముస్లిం సమాజం చేతిలో వక్ఫ్ ఆస్తులు ఉన్నాయి. ఆక్రమణలకు లోనై, లెక్కలు సరిగాలేక వాటిలో అనేకం నిష్ఫలమయ్యాయి. మిగిలినవాటి ఆదాయంలో కొంత భాగంతో ఒక ఉపయోగకరమైన పద్ధతిని చిన్నగా ఆచరించి చూపి, ఫలితం రుజువైన పిదప ప్రభుత్వంచేత స్వీకరింపజేయవచ్చు. మూలధనం వక్ఫ్ నియమాల క్రింద భద్రంగా ఉంటే, దాత ఉన్నా లేకున్నా ఆ పుణ్యం ప్రవహిస్తూనే ఉంటుంది. సదఖయె జారియా అనగా అదే.