గడ్డికోత వ్యాపారం ఎక్కడ మొలిచింది?

మన పల్లెల్లో గడ్డి కోసేది గేదె కోసం. గట్టున కోసుకుని, మోపు కట్టుకుని ఇంటికి తెచ్చుకుంటారు. గట్టు శుభ్రం చేశావు, ఇదిగో కూలి అని ఎవరూ చేతిలో డబ్బు పెట్టరు. అలాంటిది, కోసిన గడ్డి పారబోసి, కోసినందుకు కూలి పుచ్చుకునే పని ఒకటుందనీ, దాన్నే పట్టుకుని కొందరు పెద్ద పెద్ద కంపెనీలు కట్టారనీ అంటే కాస్త విడ్డూరంగానే ఉంటుంది. ఆ విడ్డూరానికి మూలం ఇంగ్లండ్‌లోని ఒక బట్టల మిల్లు.

18వ శతాబ్దం నాటికి ఇంగ్లండ్ సంపన్నులకు ఇంటి చుట్టూ పచ్చిక ఉండటం దర్జా. పంట వేయకుండా ఇంత నేలను ఊరికే వదిలేసే స్తోమత నాకుందని ఊరికి చాటడమే అందులో అసలు సంగతి. దాన్ని పొట్టిగా ఉంచడానికి గొర్రెల్ని తోలేవారు. నున్నగా కావాలంటే మాత్రం పొడుగాటి పిడి కొడవళ్లతో మనుషుల్ని దించాల్సిందే. వాళ్లు తెల్లవారుజామునే రావాలి. మంచుకు తడిసిన గడ్డి మీదే కొడవలి వేటు శుభ్రంగా పడుతుంది. ఎండెక్కి ఆరిపోయిందంటే గడ్డి వంగుతుందే గాని తెగదు. కోసేవాళ్ల వెనకే చీపుళ్లతో ఊడ్చి ఎత్తేవాళ్లు కూడా ఉండాలి. మొత్తం మీద ఒక పచ్చికకు ఒక ముఠా.

గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ లోయ ఉన్ని బట్టకు పేరు. సైనికుల ఎర్ర కోట్ల గుడ్డ అక్కడ నేసేవారు. నేసిన ఉన్ని మీద నూగు లేస్తుంది. దాన్ని సమంగా కత్తిరిస్తే గాని బట్టకు నునుపు రాదు. అందుకు మిల్లుల్లో మెలిక తిరిగిన బ్లేళ్లు బిగించిన సిలిండర్ మిషన్లుండేవి. అక్కడి మెకానిక్ ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్‌కు ఆ సిలిండర్‌ను నేల మీద దొర్లిస్తే నూగుకు బదులు గడ్డి తెగుతుందని తట్టింది. 1830 ఆగస్టులో పేటెంటు వచ్చింది. జాన్ ఫెరబీ అనే ఫౌండ్రీ యజమాని పెట్టుబడి పెట్టాడు. మొదటి మిషన్ వెడల్పు 19 అంగుళాలు. ఇనుముతో చేసిన బరువైన సరుకు కాబట్టి వెనక నుంచి ఒకరు తోస్తుంటే ముందు నుంచి ఇంకొకరు లాగడానికి కూడా పిడి పెట్టారు. పిచ్చివాడనుకుంటారని బడ్డింగ్ దాన్ని రాత్రిపూట పరీక్షించేవాడని ఆ ప్రాంతంలో ఒక కథ ఉంది. ఇలాంటి కథలు ఇనుము తుప్పు పట్టినా పోవు.

పేటెంటు పత్రంలో ఆయన రాసుకున్న ఒక విషయం నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. పల్లె దొరలు ఈ మిషన్‌ను స్వయంగా తోసుకుంటే కాలక్షేపం, ఆరోగ్యం రెండూ దక్కుతాయట! ఎండిన గడ్డి కూడా తెగుతుంది కాబట్టి మంచులో లేచి వచ్చే ముఠాతో పనిలేదు. లండన్ రీజెంట్స్ పార్క్ జంతుశాలలో దీన్ని వాడి చూసిన ఫోర్‌మన్, ఆరు నుంచి ఎనిమిది మంది కొడవళ్లతో, చీపుళ్లతో చేసే పని ఇదొక్కటే చేస్తోందని మెచ్చుకున్నాడు. 1832 నుంచి ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ కంపెనీ కూడా లైసెన్సు తీసుకుని తయారుచేసింది. తర్వాత గుర్రాలు లాగే పెద్ద మిషన్లు వచ్చాయి. గిట్టల ముద్రలు పడకుండా గుర్రాలకు తోలు బూట్లు తొడిగేవారు. ఢిల్లీ తోటల్లో ఎద్దులు లాగిన మిషన్లు చాలాకాలం నడిచాయి.

దొరలేమీ పెద్దగా తోయలేదు గాని, వందేళ్లు గడిచేసరికి మామూలు ఇంటాయన తోయక తప్పని రోజు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో లెవిట్‌టౌన్ లాంటి కాలనీలు లేచాయి. గడ్డి పెరిగే నెలల్లో వారానికోసారి లాన్ కోయాలని అక్కడ ఇంటి దస్తావేజుల్లోనే షరతు రాశారు. వారమంతా ఉద్యోగం, ఆదివారం గడ్డి! డబ్బిస్తే ఆ పని ఇంకొకడు చేసిపెడతాడంటే వద్దనేదెవరు?

ఆ ఇంకొకడు సిడ్నీలో ఒక కాలేజీ కుర్రాడు. పేరు గ్యారీ రిచర్డ్‌సన్. చదువు ఖర్చుల కోసం సెలవుల్లో ఇళ్ల ముందు గడ్డి కోసేవాడు. కొడుకు పడే పాట్లు చూసి తండ్రి మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ కాంకర్డ్‌లోని ఇంటి గ్యారేజీలో పనిముట్టు తయారుచేయడానికి కూర్చున్నాడు. అంతకుముందు 1948లో లారెన్స్ హాల్ అనే ఆయన చేసిన గిరగిరా తిరిగే బ్లేడు మిషన్ పనిచేయడం మెర్విన్ చూశాడు. బాగానే కోసింది గాని, దాని బరువుకు ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ఇద్దరు కూలీలైతే కుర్రాడికి మిగిలేదేముంది? 1952లో మెర్విన్ పాత ఇనప సామాను ఏరి, విలియర్స్ ఇంజిన్‌ను అడ్డంగా పడుకోబెట్టి బిగించి, పిల్లల బండి చక్రాలు తగిలించాడు. పెట్రోలు ట్యాంకు కోసం పీచ్ పండ్ల ఖాళీ డబ్బా దొరికింది. ఒక్కడే తోసుకుపోగల తేలిక మిషన్ అయింది. తన పేరులోని విక్టర్‌ను కాస్త కత్తిరించి ‘విక్టా’ అన్నాడు. 1958 నాటికి మిల్పెర్రాలో ఫ్యాక్టరీ, 28 దేశాలకు ఎగుమతి. ఆస్ట్రేలియాలో ఆ మిషన్ ఎంత ఇంటి వస్తువైపోయిందంటే, 2000 సిడ్నీ ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో దాన్ని మైదానంలోకి దించారు.

బడ్డింగ్ సిలిండర్ గడ్డిని కింది పట్టీకి నొక్కి కత్తెరలా కోస్తుంది. కొన శుభ్రంగా తెగుతుంది. విక్టా బ్లేడు కేవలం వేగంతో కొట్టి తెంపుతుంది. మొద్దుబారితే కొనలు చీరుకుపోయి, రెండు రోజుల్లో లాన్ మీద తెల్లటి ఛాయ తేలుతుంది. అందుకే క్రికెట్ పిచ్‌లకూ గోల్ఫ్ మైదానాలకూ ఇప్పటికీ సిలిండరే. ఎత్తైన గడ్డి, రాళ్లు, పుల్లలు ఉన్న పెరడైతే మాత్రం తిరిగే బ్లేడే దిక్కు. ఆస్ట్రేలియన్లు ‘కౌచ్’ అని పిలుచుకుని, నీళ్లు పోసి పెంచి, డబ్బిచ్చి కోయించేది మన గరికనే. వినాయక చవితికి వెతికి తెచ్చుకునేదీ, మిగతా ఏడాదంతా చేలో రైతు తిట్టుకుంటూ పీకేసేదీ అదే. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త గరికను ఆఫ్రికా రకంతో సంకరం చేసి, 1960లో టిఫ్‌వే రకం విడుదల చేశాడు. వేడి దేశాల మైదానాల్లో అది పరుచుకుపోయింది. టిఫ్ట్ 23ఏ అనే సజ్జ వంగడం కూడా ఆయన పెంచినదే. 1965లో మన దేశంలో వచ్చిన తొలి హైబ్రిడ్ సజ్జకు తల్లి అదే!

మిషన్ తేలికయ్యాక మిగిలింది వ్యాపారపు లెక్క. దాన్ని తేల్చింది మెల్‌బోర్న్‌కు చెందిన జిమ్ పెన్మన్. లా ట్రోబ్ యూనివర్సిటీలో చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తూ తోటపనితో ఖర్చులు వెళ్లదీసుకున్నాడు. లెక్చరర్ ఉద్యోగం దొరకలేదు. 1982లో 24 డాలర్లతో పూర్తిస్థాయిలో గడ్డికోతలోకి దిగానని చెప్పుకుంటాడు. గడ్డి కోస్తే వచ్చేది కూలి మాత్రమేనని ఆయనకు త్వరగానే అర్థమైంది. రెండు వారాలకోసారి క్రమం తప్పకుండా పిలిచే ఇళ్లను ఒక చుట్టుగా పేరిస్తే, ఆ చుట్టే అమ్ముడుపోయే ఆస్తి. ఇళ్లను పోగుచేసి కొత్తగా వచ్చినవాడికి అమ్మడం, మళ్లీ పోగుచేయడం మొదలుపెట్టాడు. 1989లో అది ఫ్రాంచైజీ అయింది. చుట్టు విలువ ఇళ్ల సంఖ్యలో కన్నా వాటి మధ్య దూరంలో ఎక్కువ. ట్రైలర్‌తో ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగితే లాభం పెట్రోలుకే సరి. ఒకే వీధిలో నాలుగిళ్లు దొరికితే వాడిదే రాజ్యం.

మన దగ్గర ఆ చుట్టు కట్టడం కష్టం. కడియం నర్సరీల నుంచి గడ్డి పలకలు లారీల్లో హైదరాబాద్‌కు వస్తాయి, నిజమే. అవి ఎక్కువగా చేరేది గేటెడ్ కమ్యూనిటీలకూ ఫంక్షన్ హాళ్లకూ రిసార్టులకూ. అక్కడ పని నెల కాంట్రాక్టు మీద మాలీల చేతిలో ఉంటుంది. వరుసగా ఇంటింటి ముందూ సొంత లాన్ ఉండే వీధి మనకు అరుదు.

అటు అమెరికాలో ఇప్పుడు గొడవంతా పెట్రోలు ఇంజిన్ మీద. కాలిఫోర్నియా 2021లో చట్టం చేసి, 2024 నుంచి కొత్త పెట్రోలు గడ్డి మిషన్ల అమ్మకానికి చెక్ పెట్టింది. సొంతింటి లాన్ కోసుకునేవాడికి ఒక్క బ్యాటరీ చాలు. రోజంతా ఇల్లు తర్వాత ఇల్లు కోసేవాడికి ఒక్క బ్యాటరీ ఏ మూలకు? బండి నిండా వేసుకు తిరగాలి. గగ్గోలు పెట్టింది వాళ్లే. వాళ్లు మిషన్లు మార్చుకోవడానికి సాయంగా ప్రభుత్వం 3 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది.