పట్టణ బహిరంగ కళా ప్రణాళిక

పట్టణ బహిరంగ కళా ప్రణాళిక అనగా ఉద్యానవనాలు, చెరువు గట్లు, భవనాల గోడలు వంటి అందరికీ కనిపించే చోట్ల శిల్పాలు, కుడ్యచిత్రాలు, స్మారకాలు ఏర్పాటు చేయుటకు పురపాలక సంఘం గాని, పంచాయతీ గాని ముందుగా రూపొందించుకొనే కార్యక్రమం. దేనిని నెలకొల్పాలి, ఎక్కడ, ఎవరి ఎంపికపై, ఎవరి ఖర్చుతో, తరువాతి సంరక్షణ ఎవరిది అనునవి ఇందులో ముఖ్యాంశాలు.

ఎంపిక

తెలుగునాట ఇటువంటి కార్యక్రమాలలో ప్రసిద్ధమైనది హైదరాబాదులోని ట్యాంకుబండ్ విగ్రహ సముదాయం. 1986లో ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నపుడు హుస్సేన్ సాగర్ గట్టుపై 33 మంది ప్రముఖుల విగ్రహాలను నెలకొల్పారు. వీటిలో తెలంగాణ ప్రముఖులకు తగిన స్థానం దక్కలేదనే విమర్శ ఉండేది. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమంలో భాగంగా జరిగిన మిలియన్ మార్చ్ సందర్భంగా పలు విగ్రహాలు ధ్వంసమయ్యాయి. తరువాత వాటిని పునరుద్ధరించారు. ఎవరి విగ్రహం పెట్టాలన్నది శిల్పికి పని అప్పగించుటకు ముందే ప్రజలతో చర్చించి తేల్చుకోవలసిన విషయమని ఈ ఘటన తెలుపుతుంది.

స్థలం, భద్రత

రహదారులు, కాలిబాటలు, ఇతర ప్రజోపయోగ స్థలాలలో విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. కావున కూడలి మధ్య విగ్రహం నిలిపే పాత పద్ధతికి బదులు గోడలు, ఆవరణలు వెదకవలసి ఉంటుంది. తరలింపు కూడా ప్రణాళికలో భాగమే. హుస్సేన్ సాగర్ మధ్య నిలుపుటకు చెక్కిన ఏకశిలా బుద్ధ విగ్రహం 1990లో తరలిస్తుండగా నీట మునిగి, పలువురు మరణించారు. దానిని వెలికితీసి 1992లో ప్రతిష్ఠించారు.

నిధులు

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం నిర్మాణ వ్యయంలో ఒక శాతాన్ని కళకు కేటాయించే నియమాన్ని 1959లో చేసింది. నిర్మాణాలు తక్కువగా ఉండే చిన్న పట్టణాలలో ఈ పద్ధతిన వచ్చే సొమ్ము స్వల్పం. అందుచేత సంరక్షణకు కొంత మిగిల్చి, ఒకటి రెండు పనులకే పరిమితమగుట మేలు.

చిన్న ఊళ్ళకు అనుకూలత

స్థానిక చరిత్ర, వృత్తులు చిన్న ఊళ్ళకు సహజమైన ముడిసరుకు. ఉదాహరణకు బాపట్ల జిల్లాలోని చేనేత కేంద్రమైన వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. దీని భవనానికి 1929లో మహాత్మా గాంధీ శంకుస్థాపన చేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్రను ఇక్కడ భద్రపరచారు. శిల్పుల కొరకు కూడా దూరం పోనక్కరలేదు. సమీపంలోని తెనాలి శిల్పులు కంచు విగ్రహాలకు, ఇనుప తుక్కుతో చేసే శిల్పాలకు పేరు పొందారు.