ఒక్క అక్షరం మరిచిపోతే

1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్‌లోకి జావాస్క్రిప్ట్ వచ్చాక వెబ్ పేజీకి ప్రాణం వచ్చింది. చిక్కూ అక్కడే మొదలైంది. పేజీలో ఉన్న స్క్రిప్టు సైటు యజమాని రాసిందా, దారినపోయేవాడెవడో పేరు గడిలో టైపు చేసి వెళ్లిందా అన్నది బ్రౌజర్‌కు తెలియదు. రెండింటినీ ఒకేలా నమ్మి నడిపిస్తుంది. లాగిన్ అయి ఉన్నవారిని గుర్తుపట్టే కుకీ దొంగ చేతికి చిక్కేది అలాగే. 2000 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు ఈ జబ్బుకు క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ (ఎక్స్‌ఎస్‌ఎస్) అని పేరు పెట్టారు. ఫిబ్రవరి 2న కంప్యూటర్ భద్రత చూసే సెర్ట్ సంస్థ బహిరంగంగా హెచ్చరించింది.

ఆ హెచ్చరిక ఎంతమంది చెవికెక్కిందో 2005 అక్టోబరు 4న తేలింది. మైస్పేస్‌లో ఎవరైనా తమ ప్రొఫైల్‌లో ‘జావాస్క్రిప్ట్’ అని రాస్తే సైటు ఆ మాటను కొట్టేసేది. సామీ కామ్కార్ అనే కుర్రవాడు మాటను మధ్యకు విరిచాడు. ‘జావా’ పై వరుసలో, ‘స్క్రిప్ట్’ కింది వరుసలో. సైటు వడపోత పోల్చుకోలేదు, కొన్ని బ్రౌజర్లు మాత్రం రెండు ముక్కల్నీ కలిపి చదివేశాయి. అతని ప్రొఫైల్ చూసినవారి ప్రొఫైల్‌లోకీ, అది చూసినవారి ప్రొఫైల్‌లోకీ ఆ కోడు పాకుతూ పోయి 20 గంటల్లో 10 లక్షల ప్రొఫైళ్లు దాటింది. చెడ్డ మాటల జాబితా పెట్టుకుని కాపలా కాస్తే సరిపోదని ఇంతకన్నా గట్టిగా చెప్పిన ఘటన లేదు.

నా దృష్టిలో అసలు మలుపు మాత్రం సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్‌లు ఈ భారాన్ని తమ నెత్తిన వేసుకోవడమే. పాత రూబీ ఆన్ రైల్స్‌లో వాడుకరి ఇచ్చిన పేరును పేజీలో చూపాలంటే దాని ముందు ‘హెచ్’ అనే ఒక్క అక్షరం రాయాలి. రాస్తే ట్యాగుల కోణపు గుర్తులు ఉత్త అక్షరాలుగా తెర మీద కనిపిస్తాయి. మరిస్తే కోడై నడుస్తాయి. 99 చోట్ల గుర్తుంచుకుని నూరోచోట మరిచినా ఇల్లు గుల్లే. 2008లో జాంగో 1.0, 2010లో రైల్స్ 3 ఈ పద్ధతిని తిరగేశాయి: ఏమీ రాయకుంటే రక్షణ ఉంటుంది, వద్దనుకుంటేనే రాయాలి. 2013లో వచ్చిన రియాక్ట్ ఆ రక్షణను తప్పించే దొడ్డిదారి పేరులోనే ‘డేంజరస్‌లీ’ అని చేర్చింది. ప్రోగ్రామర్ జ్ఞాపకశక్తి మీద భద్రతను వేలాడదీయకూడదని గ్రహించిన ఈ మార్పు ఎంతో మేలు చేసింది.

అయినా తెగులు పోలేదు. లింకు చిరునామాలో దూరే స్క్రిప్టుకు కోణపు గుర్తులతో పనే లేదు. యాంగ్యులర్‌జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్ తన టెంప్లేట్లకు కట్టిన కంచెను పరిశోధకులు పదేపదే దాటడంతో 1.6లో దాన్ని తీసేయాల్సి వచ్చింది. క్రోమ్ ఇలాంటి స్క్రిప్టులను పట్టే తన ఎక్స్‌ఎస్‌ఎస్ ఆడిటర్‌ను 2019లో వదులుకుంది. 2024లో మైటర్ సంస్థ ప్రకటించిన 25 ప్రమాదకర సాఫ్ట్‌వేర్ బలహీనతల జాబితాలో మొదటి స్థానం మళ్లీ క్రాస్ సైట్ స్క్రిప్టింగ్‌దే.

మీరూ కోడు రాసేవారైతే ఈ రాత్రే మీ ప్రాజెక్టు తెరవండి. రైల్స్ అయితే ‘రా’, జాంగో అయితే ‘సేఫ్’, రియాక్ట్ అయితే ‘డేంజరస్‌లీ’ అని వెతకండి. దొరికిన ప్రతి చోటా అక్కడ చూపే అక్షరాలు ఎవరి చేతి నుంచి వస్తున్నాయో ఆరా తీయండి.