తప్పు పట్టినవాడి పేరు

పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక అంటించడం మనకు పాత అలవాటే. అందులో నేరమంతా ముద్రారాక్షసానిది, రచయిత మాత్రం కడిగిన ముత్యం. గణితంలో ఈ సాకు చెల్లదు, మెజర్ థియరీలో అసలే చెల్లదు. అచ్చులో ఊడిన అక్షరం ఎవడి కంటికైనా పడుతుంది. ‘ఇది స్పష్టమే’ అని రచయిత దాటేసిన వాక్యం కింద దాగిన తప్పు మాత్రం ఏళ్ల తరబడి హాయిగా బతుకుతుంది. సెలవులకు మా డుంబ్రిగుడ వచ్చే ఎమ్మెస్సీ పిల్లలకు నేను సిద్ధాంతాల కన్నా ముందు ఈ తప్పుల చరిత్రే చెబుతాను.

అసలు ఈ సబ్జెక్టు ఏమిటో చెప్పడానికి కొండ సంతలో కొలత చాలు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. చోళ్లు విడివిడిగా కొలిచి కూడినా, కలిపి ఒకేసారి కొలిచినా లెక్క ఒకటే రావాలి. ఫ్రాన్సులో ఆన్రీ లెబెగ్ 1902 నాటి థీసిస్‌లో, 1904 నాటి పుస్తకంలో ఈ నియమాన్ని అనంతంగా వరసకట్టిన ముక్కలకు కూడా వర్తింపజేసి, దాని మీద కొత్త సమాకలనాన్ని నిలబెట్టాడు.

ఆ లెబెగే 1905లో ఒక పెద్ద వ్యాసం రాస్తూ కాలు జారాడు. తలంలోని బోరెల్ సమితిని (దీర్ఘచతురస్రాలతో మొదలుపెట్టి, వరసకట్టిన ముక్కల్ని కలుపుతూ, తీసేస్తూ కట్టగల సమితిని) ఒక అక్షం మీదికి విక్షేపిస్తే, అంటే దాని నీడ తీస్తే, వచ్చేదీ బోరెల్ సమితే అన్నాడు. ఒకదానిలో ఒకటి ఇమిడిపోతూ వచ్చే సమితుల ఛేదనానికి నీడ తీసినా, నీడలు తీశాక ఛేదించినా ఒకటేనని అనుకోవడం దీనికి మూలం. పలక మీద గీసి చూడండి. y-అక్షం మీద 1కి పైనున్న బిందువులు ఒక సమితి, 2కి పైనున్నవి ఇంకొకటి, 3కి పైనున్నవి మరొకటి. x-అక్షం మీద వీటన్నిటి నీడా సున్నా బిందువే, కాబట్టి నీడల ఛేదనమూ సున్నా బిందువే. కానీ సమితులన్నిటినీ ఛేదిస్తే మిగిలేది ఖాళీ, ఖాళీకి నీడెక్కడిది? ఇంటర్ పిల్లవాడికి కూడా అందే ఉదాహరణ ఇది. అయినా ఆ తప్పు పదేళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు.

పట్టుకున్నవాడు మిఖాయిల్ సుస్లిన్. సరతోవ్ ప్రాంతపు పల్లెలో పేదరైతు బిడ్డ, మాస్కోలో గణితజ్ఞుడు లూజిన్ దగ్గర విద్యార్థి. 1916లో కాగితాలు పట్టుకుని గురువు దగ్గరికి వెళ్లి, లెబెగ్ తప్పు రాశాడని చెప్పాడు. లూజిన్ కసురుకోలేదు, కూర్చుని చదివాడు. యుద్ధం వల్ల అప్పుడు మాస్కోలో ఉన్న పోలండ్ గణితజ్ఞుడు సియెర్పిన్‌స్కి దీనికి సాక్షి. సుస్లిన్ తప్పు చూపించి ఊరుకోలేదు. బోరెల్ సమితుల నీడలకు వేరే లోకమే ఉందని 1917లో అచ్చు వేయించాడు. రెండేళ్లకే టైఫస్ జ్వరంతో పోయాడు, పాతికేళ్లు కూడా నిండలేదు. 1930లో లూజిన్ ఆ నీడ సమితుల మీద పుస్తకం రాస్తే ముందుమాట రాసింది లెబెగ్. తన తప్పు ఇంత పంట పండించినందుకు అందులో సంతోషించాడు. అంత పెద్దమనిషి తరహా అందరికీ రాదు. లూజిన్‌నే చూడండి, 1936లో సోవియట్ విచారణలో అతని మీద పెట్టిన నేరాల్లో సుస్లిన్ ఫలితాలు కాజేశాడన్నది కూడా ఉంది. అయితే ఆ విచారణలో రాజకీయమే ఎక్కువని నా అభిప్రాయం.

ఇంకో కథ గురుశిష్యులది. షరతు సంభావ్యతను, అంటే ఒక సంగతి తెలిశాక మిగతావాటికి కట్టే సంభావ్యతను, ఎక్కడైనా నిజమైన మెజరుగా తీర్చిదిద్దవచ్చని 1938లో అమెరికాలో డూబ్ రాశాడు. శిష్యుడు హాల్మోష్ గురువును నమ్మి 1941లో దాని మీద ఇంకో అంతస్తు లేపాడు. 1948లో ఫ్రాన్సు గణితజ్ఞుడు ద్యుదొనె ఇచ్చిన ప్రత్యుదాహరణతో రెండూ కూలాయి. హాల్మోష్ ఏం చేశాడంటే, 1950లో వేసిన తన ‘మెజర్ థియరీ’ పాఠ్యపుస్తకంలో అలాంటి ప్రత్యుదాహరణనే విద్యార్థులకు అభ్యాసంగా ఇచ్చాడు. తప్పును దాచే చోట్లు చాలా ఉంటాయి గానీ, పిల్లల హోంవర్కులో పెట్టడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఈ షరతు సంభావ్యత గొడవలో మనవాడూ ఒకడున్నాడు. నిమ్మగడ్డలో పుట్టిన మాలెంపాటి మధుసూదనరావు 1959లో మిన్నెసోటాలో డాక్టరేట్ తీసుకుని, తర్వాత కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో స్థిరపడ్డారు. ఆయన పాఠ్యపుస్తకం ‘మెజర్ థియరీ అండ్ ఇంటిగ్రేషన్’ 1987లో వచ్చింది, సవరించి పెంచిన రెండో కూర్పు 2004లో. 1993లో షరతు మెజర్ల మీదే విడిగా ఒక పుస్తకం రాశారు. సంభావ్యత సున్నా అయిన ఘటన మీద షరతు పెడితే, ఏ దారిన దాన్ని సమీపించామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది, మామూలు పుస్తకాలు దీన్ని దాటేస్తున్నాయి అని ఆయన వాదన. చదువరిగా మొదలై రచయిత అయినవాడి పోట్లాట అది.

మా దగ్గర చదివే కుర్రవాడొకడు ఈమధ్య ఒక రచయితకు ఉత్తరం రాశాడు. ఒక మెజరుకు ఇంకో మెజర్ పరంగా సాంద్రత ఎప్పుడు ఉంటుందో చెప్పే రేడాన్-నికోడిమ్ సిద్ధాంతం మీద ఆయన పుస్తకంలో ఇచ్చిన లెక్కలో సిగ్మా-పరిమిత షరతు, అంటే మొత్తాన్ని వరసకట్టిన పరిమిత కొలతల ముక్కలుగా విడగొట్టగలగాలన్న షరతు, లేదని ఫిర్యాదు. ‘తప్పు’ అని ఊరికే రాయకు, పుట, పంక్తి, ప్రత్యుదాహరణ మూడూ పెట్టు అన్నాను. పెట్టాడు: 0 నుంచి 1 దాకా ఉన్న అంతరంలో బిందువుల్ని లెక్కపెట్టే మెజర్ ఒకటి, పొడవు ఇంకొకటి. మొదటిదాని పరంగా పొడవుకు సాంద్రత ఉంటే ఒక్కో బిందువు దగ్గరా దాని విలువ సున్నాయే కావాలి, అప్పుడు అంతరం పొడవూ సున్నా అయి కూర్చుంటుంది. రచయిత వెంటనే జవాబిచ్చారు. ఈ అధ్యాయంలో మెజర్లన్నీ సిగ్మా-పరిమితాలేనని మొదటి పుటలోనే చెప్పాను బాబూ అని. పుట తిప్పితే నిజంగానే ఉంది. మావాడు తగ్గలేదు. లెక్క కోసం పుస్తకం తెరిచేవాడు మొదటి పుట చూస్తాడా, షరతు లెక్కలోనే ఉండాలి అని తిరిగి రాశాడు. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, వీడూ వదల్లేదు.