మనిషికి మనిషి రక్తమే

ఇంటర్‌ఫెరాన్ చరిత్ర సాధారణంగా 1957తో మొదలవుతుంది. లండన్ శివారు మిల్ హిల్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కోడిగుడ్డులో పిండం చుట్టూ ఉండే పొరను, వేడితో నిర్వీర్యం చేసిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌తో కలిపి ఉంచారు. ఆ పొర నుంచి వెలువడిన పదార్థం తాజా పొరలను సజీవ వైరస్ బారినుంచి కాపాడింది. మూడేళ్ల ముందే టోక్యోలో నాగనో, కొజిమా కుందేలు చర్మంలో ఇటువంటి ప్రభావాన్నే గుర్తించారు గాని, ఆ వ్యాసం ఎక్కువమంది కంట పడలేదు.

వైరస్‌లకు పెన్సిలిన్ వంటి మందు దొరికిందని ఆశ పుట్టింది. ఆవు, పంది క్లోమగ్రంథుల నుంచి తీసిన ఇన్సులిన్ అప్పటికే ఎందరినో బతికించింది కదా! ఇంటర్‌ఫెరాన్ మాత్రం ఆ దారికి రాలేదు. 1959లో టిరెల్ దూడ మూత్రపిండ కణాల నుంచి తీసినది దూడ కణాలనే బాగా కాపాడింది. కోడిది కోడి కణాలనే. ఈ పదార్థం ఉనికినే శంకించిన కొందరు దీన్ని 'మిస్‌ఇంటర్‌ప్రిటాన్' అని ఎగతాళి చేశారు. 1962లో బ్రిటిష్ వాలంటీర్లపై పరీక్షకు కోతి కణాలను ఎంచుకోవడం వెనుక ఉన్నదీ ఈ జాతిభేదమే. ఆ ఇంటర్‌ఫెరాన్ ఇచ్చినచోట మశూచి టీకా అంతగా పొక్కలేదు. అయిదేళ్లకు, 45వ ఏట, ఐజాక్స్ కన్నుమూశారు.

ఇక మిగిలిన దారి మనిషి రక్తం. హెల్సింకీలో కారి కాన్‌టెల్, రెడ్‌క్రాస్ సేకరించిన రక్తంలోని తెల్లకణాలకు సెండాయ్ వైరస్ సోకించి ఇంటర్‌ఫెరాన్ తీశారు. ఆ మందులో అసలు సరుకు ఒక శాతం లోపే. 1970లలో స్టాక్‌హోంలో ఎముక కాన్సర్ రోగులకు ఇచ్చింది అదే. ఆ దశాబ్దపు ఇంటర్‌ఫెరాన్ వైద్యం చాలావరకు ఫిన్లాండ్ రక్తదాతల చలవే. కాన్‌టెల్ తన 'ద స్టోరీ ఆఫ్ ఇంటర్‌ఫెరాన్' పుస్తకాన్ని 1998లో వెలువరించారు.

జాతి నియమం కూడా అంత కఠినమైనదేమీ కాదు. మనిషి ఇంటర్‌ఫెరాన్ ఆవు కణాల మీద, పంది కణాల మీద బలంగా పనిచేస్తుందని గ్రెసర్ బృందం 1974లో చూపింది. కణం పైనున్న గ్రాహకానికి అది ఎంత చక్కగా అతుక్కుంటుందన్నదే ముఖ్యం. బంధుత్వం ఒక్కటే చాలదు. 1980 నాటికి మానవ జన్యువును బాక్టీరియాలో పెట్టి ఇంటర్‌ఫెరాన్ తయారుచేయగలిగారు. రక్తదాతల అవసరం క్రమంగా తగ్గింది.

కణాన్ని బట్టి కూడా తేడాలుంటాయి. 1962లో జపాన్‌లో ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండం నుంచి పెంచిన వీరో కణాలు తమ ఇంటర్‌ఫెరాన్‌ను తాము చేసుకోలేవు. బయటినుంచి అందిస్తే మాత్రం స్పందిస్తాయి. సొంత రక్షణ లేనందున వాటిలో ఎన్నో వైరస్‌లు ఏపుగా పెరుగుతాయి. హైదరాబాదులో కోవాగ్జిన్ కోసం కరోనా వైరస్‌ను పెంచింది ఈ కణాల్లోనే.