బిగిసిన కాళ్ళు – కారణాన్వేషణ

ఆరోగ్యముగా తిరుగుచుండిన మనిషికి కాళ్ళు క్రమముగా బిగిసి, కర్ర లేనిదే అడుగు పడని స్థితి వచ్చుట మన దేశమున చిరకాలముగా ఎరిగిన బాధయే. పైకి కనబడు లక్షణ మొక్కటే, కారణములు వేరువేరు. వానిని విడదీయుటకు వైద్యులకు అర్ధశతాబ్ది పట్టినది. అందు మొదటి ఘట్టము ఒంగోలు పాఠకుల ఇరుగుపొరుగుననే జరిగినది.

1937లో షార్ట్ మొదలగువారు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించిరి. ఒంగోలుకు పడమటనున్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు 1970 వరకు ఆ జిల్లాలోనివే. బావినీటిలోని ఫ్లోరైడు ఏండ్ల తరబడి ఒంటిలో చేరినచో వెన్నెముక ఎముకలు మందమై వెన్నుపామును నొక్కును. దానితో కాళ్ళు పట్టు తప్పును. ఇచట దోషము నీటిది.

రెండవ కారణము తిండి. కరవు కాలమున మధ్య, ఉత్తర భారతములందు కేసరి పప్పే ఆహారముగా బ్రతికినవారికి కాళ్ళు బిగిసెడివి. దానిలోని విషపదార్థమును 1964లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ గార్లు వేరుచేసిరి.

అయితే ఆ పప్పు ఎన్నడును తినని వారికిని ఇట్టి వ్యాధియే వచ్చుచున్నదని దక్షిణ భారతమునుండి మించిన్ అను వైద్యుడు 1940లోనే వ్రాసెను. 1969లో కె.ఎస్. మణి మొదలగువారు మరల ఇట్టి రోగులను వర్ణించిరి. జమైకా ద్వీపమునందును ఇటువంటి రోగులు కానవచ్చిరి. కారణము మాత్రము తెలియలేదు.

1980లో అమెరికాలో గాలో బృందము హెచ్.టి.ఎల్.వి.-1 అను వైరసును ప్రకటించినది. 1985లో మార్టినిక్ ద్వీపమున గెస్సెయిన్ మొదలగువారు కాళ్ళు బిగిసిన 17 మంది రోగులను పరీక్షింపగా, 10 మంది రక్తమున ఈ వైరసుకు ప్రతిరక్షకములు కనబడెను. మరుసటి యేడు జపానులో ఒసామె ఇదే సంబంధమును చూపెను. పిమ్మట దక్షిణ భారతమునందును ఈ వైరసుగల రోగులు కనబడిరి. అంతమాత్రమున మన పూర్వపు రోగులందరికిని ఇదియే కారణమనరాదు.

ఈ వైరసు శరీరమున జీవితాంతము నిలుచును. రక్తములోని తెల్లకణములలో టి కణములనునవి కొన్ని. వానిలో సహాయక కణములలో ఇది దాగి, తన జన్యువులను వాని జన్యువులలో కలుపును. అట్టి కణములు ఏ ప్రేరణయు లేకయే గాజు గొట్టములో సైతము వృద్ధిచెందును. వాపు కలిగించు పదార్థములను వెలువరించును. వైరసు తయారుచేయు టాక్స్ అను ప్రోటీనును గుర్తుపట్టి ఎదుర్కొను సంహారక టి కణములు రోగుల రక్తమున మిక్కుటముగా నున్నవని 1990లో జాకబ్‌సన్ మొదలగువారు చూపిరి. ఈ రెండు రకముల కణములును వెన్నుపాములో చొరబడును. అచట జరుగు పోరులో నాడీతంతువులు, వాని తొడుగులు దెబ్బతినును. మిరపచేనిలో పడిన అడవిపందిని తరుముచు కావలివారే మొక్కలను త్రొక్కినట్లన్నమాట.

వైరసు సోకినవారిలో అత్యధికులకు ఈ వ్యాధి రాదు. వచ్చినవారికి పూర్తిగా నయముచేయు మందు నేటికిని లేదు. కాని కారణము తెలియుటచే నివారణ సాధ్యమైనది. ఈ వైరసు తల్లిపాలు, రక్తము, లైంగిక సంపర్కము ద్వారా వ్యాపించును. జపానులోని నాగసాకి ప్రాంతమున 1987 నుండి వైరసుగల తల్లులు బిడ్డలకు చనుబాలు మానుటచే, బిడ్డలకు సోకుట సుమారు 20 శాతమునుండి 2.5 శాతమునకు తగ్గెను.

కనుక కాళ్ళు బిగిసిన రోగిని చూచినప్పుడు "తిమ్మిరి, వాతము" అని సరిపెట్టుకొనక, ఏ నీరు త్రాగెను, ఏ పప్పు తినెను, రక్తమున ఏమున్నది అని విచారింపవలెను. నీటి దోషమునకు మంచినీరు, పప్పు దోషమునకు పప్పు మానుట, వైరసునకు రక్తపరీక్ష, జాగ్రత్త. ఒక్కదానికి మందైనది మరియొకదానికి కాదు. ఉపాధ్యాయులు తరగతిలో చెప్పవలసిన విషయమిదియే.